కెరటోకోనస్: క్రాస్‌లింకింగా, గట్టి లెన్సా?

శ్రీకాకుళంలో ఇంటర్ కుర్రాడికి అద్దాల పవర్ మాటిమాటికీ మారిపోతూ, రాత్రి బైక్ లైట్లు చీలి కనిపిస్తుంటే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపును కొలిచే టోపోగ్రఫీ పరీక్ష చేయించాలి. కెరటోకోనస్‌లో కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొస్తుంది.

క్రాస్‌లింకింగ్ పని జబ్బు ముదరకుండా ఆపడం. రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు కంట్లో వేసి అతినీలలోహిత కాంతి పెడతారు. మొదటి నుంచీ ఉన్న పద్ధతిలో కాంతి 30 నిమిషాలు. అందులో కార్నియా పైపొర తీస్తారు కనుక కొన్ని రోజులు మంట, నీళ్లు కారడం తప్పవు. అంతా అయ్యాక కూడా చూపు పెద్దగా మెరుగవకపోవచ్చు. ఇది ముందే చెప్పకపోతే ఇంట్లో గొడవే!

ఆర్‌జీపీ లెన్స్ (గాలి ఆడే గట్టి కాంటాక్ట్ లెన్స్) పెట్టుకోగానే బోర్డు మీద అక్షరాలు తేటపడతాయి, జబ్బు మాత్రం ఆగదు. పైగా బస్సు కిటికీ పక్కన దుమ్ము దూరితే నరకం. తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లీరల్ లెన్స్ కొంత నయం, ఖర్చు ఎక్కువ.

నన్నడిగితే, జబ్బు ముదురుతున్న కుర్రాళ్లకు ముందు క్రాస్‌లింకింగ్, తర్వాతే లెన్స్. ఏళ్లుగా నిలకడగా ఉన్న పెద్దవాళ్లకు లెన్స్ చాలు. ఏది చేయించినా కళ్లు నలపడం మానాల్సిందే.