భీమవరంలో కిక్‌బాక్సింగ్ కోచింగ్, నా రివ్యూ

మావాడ్ని భీమవరంలో కిక్‌బాక్సింగ్‌లో వేసి 4 నెలలైందండి, రోజూ ఆకివీడు నుంచి బండి మీద తీసుకెళ్తున్నా. హాల్ చిన్నదే, ఉక్కపోతకి మ్యాట్లు చెమటతో జారిపోతున్నాయి, ఇంకో రెండు ఫ్యాన్లు పెట్టాలి, అది తప్ప వంక పెట్టడానికేం లేదు.

శనివారం క్లాసయ్యాక కోచ్ గారు టీవీలో పాత కె-1 (జపాన్‌లో మొదలైన పెద్ద కిక్‌బాక్సింగ్ పోటీలు) ఫైట్లు వేస్తారు. మొన్న డచ్ ఫైటర్ పీటర్ ఆర్ట్స్‌ది 2010 టోర్నీ చూశామండి, 40 ఏళ్ల మనిషి, సెమీఫైనల్లో ఎదురుగా 212 సెంటీమీటర్ల సెమ్మీ షిల్ట్, అయినా మీదకి మీదకి వెళ్లి గెలిచాడు, అదే రోజు ఫైనల్లో ఓవరీమ్ చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాడనుకోండి, కానీ నా మనసులో గుండె ధైర్యం అంటే ఆయనదే. తర్వాతే ఇంకో కె-1 ఫైటర్ ఆండీ హగ్.

సోమవారం స్పారింగ్‌లో (ప్రాక్టీస్ ఫైట్‌లో) మావాడికి పొట్టలో కిక్ తగిలి కూలబడ్డాడు, నేను లేవబోయా, కోచ్ గారు వాడి పక్కన గొంతుక్కూర్చుని "ఊపిరి తీసుకో నాన్నా, తొందరేం లేదు" అన్నారు. వాడు గ్లౌజుతోనే కళ్లు తుడుచుకుని లేచి నిలబడ్డాడు, నాకు కళ్లంట నీళ్లు తిరిగాయండి.

షిన్ గార్డులు, మౌత్ గార్డు మాత్రం మనమే కొనుక్కోవాలి.