బానెట్ కింద పని తెలిసిన చెయ్యి: విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ కొట్టు

నాది బొలెరో పికప్. కడియం నర్సరీల నుంచి మొక్కలు వేసుకుని వారానికి మూడు రాత్రులు విజయవాడ వస్తాను. లేత మొక్కలకు ఎండ పనికిరాదు కాబట్టి నా ప్రయాణమంతా చీకట్లోనే. డిసెంబరు, జనవరి నెలల్లో తణుకు దాటాక పొలాల మీది మంచు రోడ్డు మీదికి దిగుతుంది. అందుకని ముందు రెండు ఫాగ్ ల్యాంపులు, మొక్కలు దించుకోవడానికి వెనక ఒక లోడ్ లైటు, క్యాబిన్‌లో చిన్న ఫ్యాను, ఫోను ఛార్జర్ పెట్టించుకున్నాను. బండి కొన్న కొత్తలో, ఇంకో ఊళ్ళో చేయించిన పని అది. గంటన్నరలో ముగించారు. చవకగా అయిందని సంతోషించాను కూడా.

కిందటి జనవరిలో ఒక రాత్రి తాడేపల్లిగూడెం దగ్గర స్టీరింగ్ కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఏమిటా అని వంగి చూసేలోగా హెడ్‌లైట్లు ఆరిపోయాయి. బండిని రోడ్డు పక్కకు దించి, వెనక నుంచి వచ్చే లారీలకు ఫోను టార్చి చూపిస్తూ తెల్లారేదాకా నిలబడ్డాను. వెలుతురు వచ్చాక నెమ్మదిగా విజయవాడ చేరి, మొక్కలు దించి, నేరుగా ఆటోనగర్ వెళ్ళాను. ఒక లారీ డ్రైవరు అన్న ఈ కొట్టు చూపించాడు.

లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక సందులో ఉంది. పేరు రాసిన బోర్డు లేదు. అరవై ఏళ్ళ పెద్దాయన, సాయానికి ఒక కుర్రవాడు. అందరూ ఆయనను మేస్త్రీ గారనే పిలుస్తారు. డాష్‌బోర్డు విప్పి కరిగి ముద్దయిన హెడ్‌లైటు స్విచ్ నా చేతిలో పెట్టారు. అప్పట్లో బిగించినవాళ్ళు ఫాగ్ ల్యాంపుల తీగను ఆ స్విచ్ తీగకే మెలిపెట్టి టేపు చుట్టారు. రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే డబ్బా, లేదు. ఫ్యూజు లేదు. బానెట్ వేడికి టేపు జిగురు కరిగి, తీగ చాలాచోట్ల బయటపడి ఉంది.

ఆయన వెంటనే పనిముట్లు తీయలేదు. "ఇందులో ఏవేవి ఒకేసారి వేస్తావు బాబూ?" అని అడిగి, నేల మీద సుద్దముక్కతో లెక్క వేశారు. 55 వాట్ల బల్బులు రెండు, మొత్తం 110 వాట్లు. 12 వోల్టుల బండిలో అది 9 ఆంపియర్లకు పైమాటే. "ఇంత కరెంటు నీ స్విచ్ లోపలి నుంచి ఎందుకు పోవాలి? స్విచ్ రిలేకు కబురు చెబితే చాలు" అన్నారు. రిలే చేతికిచ్చి కాళ్ళ పక్కన అచ్చు వేసిన అంకెలు చూపించారు. 85, 86 లోపలి చిన్న కాయిల్‌వి, అది తీసుకునే కరెంటు చాలా తక్కువ. 30కి బ్యాటరీ నుంచి నేరుగా తీగ వస్తుంది. 87 నుంచి ల్యాంపులకు వెళుతుంది. మూడేళ్ళుగా నా బండిలో లేనిది ఈ అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా, ఒక ఫ్యూజు, అంతే.

ముందుగా బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కన పెట్టారు. ప్లస్ నుంచి లావుపాటి రాగి తీగ ఒకటి కొత్తగా లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే పెద్ద ఫ్యూజు వేశారు. అంత దగ్గరెందుకని అడిగాను. ఫ్యూజు కాపాడేది దాని తర్వాతి తీగనే కదా, ముందున్న తీగ బాడీకి రాసుకుంటే ఆపేవారెవరు అన్నారు. అక్కడి నుంచి చిన్న ఫ్యూజు బాక్సు, ఒక్కోదానికి వేరే ఫ్యూజు. ఫాగ్ ల్యాంపులకు నీలం రంగుది, 15 ఆంపియర్లు. రిలేను కాళ్ళు కిందికి ఉండేలా బిగించారు, నీళ్ళు నిలవకుండా. తీగలన్నీ గరుకు ప్లాస్టిక్ గొట్టంలో, సైలెన్సర్ వేడికి దూరంగా నడిపించారు. క్యాబిన్‌లోకి వెళ్ళే రంధ్రంలో రేకు అంచు తీగను కోయకుండా రబ్బరు వేశారు.

ఎర్త్, అంటే కరెంటు తిరిగి వెళ్ళడానికి తీగను బాడీకి కలిపే చోటు, దగ్గర ఆయన గడిపిన సమయం నాకు బాగా గుర్తుంది. బాడీ మీద రంగు గీకి, రేకు మెరిసేదాకా రుద్ది, తీగ చివరి రింగు (లగ్గు) పెట్టి, పళ్ళ వాషరుతో బిగించి, పైన గ్రీజు పూశారు. సగం జబ్బులు ఇక్కడే పుడతాయన్నారు. ఇంజిన్ స్టార్ట్ చేసి మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, ల్యాంపు దగ్గర 13.5. ఇలాంటి బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. ఇన్నాళ్ళూ నా ల్యాంపులు ఎందుకు దీపాల్లా వెలిగాయో అప్పుడు అర్థమైంది.

ఫ్యాను, ఛార్జర్ తాళం తిప్పితేనే పనిచేస్తాయి. లోడ్ లైటు మాత్రం తాళం లేకపోయినా వెలగాలని నేనే అడిగాను, ఇంజిన్ ఆపి మొక్కలు దించుతాను కాబట్టి. రకరకాల స్వరాలు పలికే హారన్ కూడా పెట్టమంటే ఒప్పుకోలేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 119వది దాన్ని కుదరదంటుంది, ఆయన మాటే సరైనది.

లోపాలూ చెప్పాలి. ఉదయం తొమ్మిదిన్నరకు ఇచ్చిన బండి సాయంత్రం అయిదు దాటాక చేతికొచ్చింది. బిల్లు ఇవ్వరు. స్విచ్ కాకుండా సామాను 2,640, కూలి 1,500 రూపాయలు తీసుకున్నారు. ఫ్యాను స్విచ్ నా మోకాలికి తగిలేచోట పెట్టారు. అసలు తప్పు లోడ్ లైటు తీగ. వెనక డోరు కీలు పక్కగా లాగడంతో మే నెలలో నలిగి ఫ్యూజు పోయింది.

అయితే ఆ రోజు నేను తునిలో ఉన్నాను. అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తగానే ఒక్కో తీగకూ తెల్ల టేపు మీద తెలుగులో రాసిన పేర్లు కనిపించాయి: ఫాగ్, లోడ్, ఫ్యాను, ఛార్జర్. ఫ్యూజు బాక్సు మూత లోపల చేత్తో గీసిన బొమ్మ అతికించి ఉంది. పావుగంటలో నలిగిన చోటు దొరికింది. హెడ్‌లైట్లకు, ఫాగ్ ల్యాంపులకు ఏమీ కాలేదు, ఆ రాత్రే లోడుతో బయల్దేరాను. తర్వాత విజయవాడ వెళ్ళినప్పుడు మేస్త్రీ గారు తప్పు ఒప్పుకుని, తీగను ఛాసిస్ లోపలి వైపుకు మార్చారు. డబ్బులు తీసుకోలేదు.

వెళ్ళేవారు పొద్దున్నే వెళ్ళండి, ఆ రోజుకు ఇంకో పని పెట్టుకోకండి. స్విచ్‌లు ఎక్కడ రావాలో సీట్లో కూర్చుని ముందే చూపించండి. వచ్చే నెల మా తమ్ముడి బండి తీసుకువెళుతున్నాను. వాడి ఫాగ్ ల్యాంపులు కూడా ఇప్పటికీ టేపు మీదే వెలుగుతున్నాయి.