బండ, అడవి, నీళ్లు: పిల్లలతో పాలమూరు, నల్లగొండ వైపు తిరగాలంటే

ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కి, నడిచి, తిరగాలనుకునేవాళ్లకు మా సలహా ఒకటే: ముందు భువనగిరి బండ, తర్వాత అమ్రాబాద్ అడవి, చివరికి కృష్ణ నీళ్లు. పిల్లలకు ఎత్తు భయముందా, ఎంతసేపట్లో అలసిపోతారు, చెప్పిన మాట ఎంత వింటారు అన్నది బండ మీద ఒక్క పూటలో తెలిసిపోతుంది. తేడా వస్తే వెంటనే దిగొచ్చు. అడవిలో, లాంచీలో ఆ వీలుండదు.

భువనగిరి కోట గుట్ట మొత్తం ఒకే బండ, ఎత్తు 500 అడుగులకు పైనే. సికింద్రాబాద్–కాజీపేట లైన్లో రైలు ఉంది, బస్సులకు కొదవ లేదు. మొదట మెట్లు వస్తాయి, ఆ పైన నున్నటి ఏటవాలు బండ. టికెట్ కౌంటర్ తెరవగానే ఎక్కడం మొదలుపెట్టాలి. నల్లరాయి పొద్దు పెరిగినకొద్దీ వేడిని దాచుకుంటుంది కాబట్టి ఎండకాలంలో పది దాటాక చెయ్యి ఆనించలేరు. వానకాలంలో ఇబ్బంది వేరు. నీళ్లు జారిన చోట సన్నటి నాచు పట్టి, ఆరినట్టు కనిపించే బండ కూడా జారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలైన రోజులు.

చెప్పులు, అరిగిన స్కూలు బూట్లు వద్దు. మెత్తటి రబ్బరు అడుగున్న కాన్వాస్ బూట్లు చాలు. మనిషికి ఒకటిన్నర లీటరు, పదేళ్ల లోపు పిల్లలకు లీటరు నీళ్లు కింద నుంచే మోసుకెళ్లాలి. తలనొప్పి, చిరాకు మొదలైతే లీటరు మంచినీళ్లలో ఆరు సమతల చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువ పడితే మేలు కంటే కీడే ఎక్కువ. తినే వస్తువులు చేతిలో కవరు పట్టుకుని నడవొద్దు, కోతులు ముందు ఆ చేతి మీదికే వస్తాయి. సర్వపిండి, పల్లి పట్టీలు వంటివి బ్యాగులో అడుగున పెట్టుకోవాలి.

ఎక్కేటప్పుడు పిల్లలు ముందు, పెద్దవాళ్లు ఒక అడుగు కింద నడవాలి. దిగేటప్పుడు పెద్దవాళ్లే ముందు దిగాలి. రెండుసార్లూ పిల్లలకు కింది వైపు పెద్ద మనిషి ఉండాలన్నది లెక్క. ఎక్కడం కన్నా దిగడమే కష్టం. మోకాళ్లు వణికేది, పిల్లలు ఉరకాలనుకునేది అప్పుడే. అడుగు అడ్డంగా వేస్తూ, పాదం మొత్తం బండకు ఆనేలా దిగడం నేర్పండి. పైకి చేరగానే సగం నీళ్లు మిగిలి ఉన్నాయా లేదా చూసుకోవాలి. లేకపోతే అక్కడ ఎక్కువసేపు ఉండొద్దు.

కోట కిందే రాక్ క్లైంబింగ్ స్కూలు ఉంది. 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ ఈ బండల మీదే సాగింది. మీ పిల్లలకు ఆ మాట చెప్పి చూడండి, ఎక్కే ఊపు మారిపోతుంది. ఇక్కడైనా, మరెక్కడైనా తాడు పనికి పిల్లల్ని అప్పగించే ముందు తల్లిదండ్రులు కొన్ని సొంతంగా చూసుకోవాలి. హార్నెస్ (తాడు తగిలించడానికి ఒంటికి కట్టే పట్టీలు) నడుము పట్టీ తుంటి ఎముకలకు పైన ఉండాలి, కిందికి లాగితే జారకూడదు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు నడుము హార్నెస్ ఒక్కటే సరిపోదు. తుంటి ఇంకా సన్నగా ఉంటుంది, తల వైపు బరువెక్కువ కాబట్టి తలకిందులయ్యే ప్రమాదముంది. భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్ అడగండి. తాడును హార్నెస్‌కు కలిపే కొక్కెం, అంటే కారబినర్ మర బిగించి ఉందా అని వేలితో నొక్కి చూడాలి. తాడు మీద దిగేటప్పుడు దిగే తాడు కాక, పై నుంచి శిక్షకుడు పట్టుకున్న రెండో తాడు కూడా ఒంటికి కట్టి ఉండాలి. అది లేదంటే ఆ రోజుకు వద్దనడమే మంచిది, పిల్లలు ఎంత ఏడ్చినా సరే.

ఇక అడవి. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు కల్వకుర్తి, డిండి మీదుగా, నల్లగొండ వాళ్లు దేవరకొండ, డిండి మీదుగా, పాలమూరు వాళ్లు నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరాలి. బస ఎక్కడన్నదే ఈ యాత్రలో అసలు నిర్ణయం. చాలామంది శ్రీశైలంలో గది తీసుకుని, దారిలో అడవి చూద్దామనుకుంటారు. అడవి మీద మనసున్న కుటుంబానికి అది పొరపాటు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా చెక్‌పోస్టులు మూసేస్తారు. ఆరింటికి అటు నుంచి బయల్దేరి, ఘాట్ రోడ్డు మలుపులు దాటి, సఫారీ మొదలయ్యే ఫర్హాబాద్ చేరేసరికి జంతువులు నీడకు వెళ్లిపోయి ఉంటాయి. పిల్లలకు కడుపులో తిప్పడం అదనం. మన్ననూరులో అటవీశాఖ వారి బసలో ఉంటే ఆ బాధలు ఉండవు. గదులు తక్కువ కాబట్టి శని, ఆదివారాలకు చాలా ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. గుడి కూడా చూడాలంటే రెండో రాత్రి శ్రీశైలంలో పెట్టుకోండి.

సఫారీ అటవీశాఖ బండిలోనే వెళ్లాలి. వానకాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా ఆపేస్తారు. పులి కనిపిస్తుందని పిల్లలకు ఆశ పెట్టొద్దు. దుప్పులు, కణితులు (సాంబార్ జింకలు), కొండముచ్చులు, అడవికోళ్లు చూడడానికి వస్తున్నామని చెప్పండి, పులి అడుగు మట్టిలో కనబడినా పండగే అవుతుంది. చేతికో చిన్న బైనాక్యులర్, ఒంటిమీద ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు. సెంట్లు వాడొద్దు: ఘాటైన వాసనలు తేనెటీగలను రేపుతాయి. ప్లాస్టిక్ నిషేధం ఉంది, స్టీలు సీసాలు తెచ్చుకోవాలి. పెట్రోలు అచ్చంపేట లేదా కల్వకుర్తిలోనే నింపుకోండి. మన్ననూరు దాటాక ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం, నాటుమందు ఏదీ చేయకుండా కాలు కదలనివ్వకుండా బండిలో అచ్చంపేట ఆసుపత్రి వైపు తీసుకెళ్లాలి.

మల్లెల తీర్థం జలపాతం వటవర్లపల్లి దగ్గర రోడ్డు వదిలి లోపలికి ఎనిమిది కిలోమీటర్లు. కిందికి దాదాపు 350 మెట్లు. దిగడం పది, పదిహేను నిమిషాల పని. ఎక్కడానికి చిన్న పిల్లలతో ముప్పావు గంట పెట్టుకోండి, మోకాళ్ల నొప్పులున్న నానమ్మలు పైనే ఆగడం మేలు. అక్టోబరు నుంచి జనవరి దాకా నీళ్లు బాగుంటాయి, మార్చి తర్వాత వెళ్తే నిరాశే. ధార కింద నిలబడొద్దు. పైన వాన పడితే నీటితో పాటు రాళ్లు కూడా వస్తాయి.

నీళ్ల కోసం రెండు దారులున్నాయి. నాగార్జునసాగర్ సులువు: హిల్ కాలనీలో పర్యాటక సంస్థ బస ఉంది, బుద్ధవనం పొద్దున్నే నడవడానికి హాయిగా ఉంటుంది, నాగార్జునకొండకు లాంచీ ఉంది. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు.

సోమశిలకే మా ఓటు. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్ల లోపే. సాగర్లో ఉండే రద్దీ ఉండదు, కాటేజీ ముందే కృష్ణమ్మ. ఇక్కడి నీళ్లు శ్రీశైలం జలాశయానివే, దాని నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు ఆ మట్టానికి దగ్గరగా ఉన్న నెలల్లోనే ఈ ఊరి అందం. ఎండకాలానికి నీళ్లు వెనక్కి పోయి ఒడ్డంతా మోకాలి లోతు బురద అవుతుంది. నీళ్లుండి, మంది సరిపడా ఉంటే నల్లమల మధ్యగా శ్రీశైలానికి లాంచీ నడుపుతారు. పొద్దున ఎక్కితే సాయంత్రానికి చేరుతుంది. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా బ్యాగులు సర్దొద్దు. ఐదేళ్ల లోపు పిల్లలకు అంతసేపు కూర్చోవడం కష్టం, వాళ్లకు అరగంట బోటింగే చాలు.

లైఫ్ జాకెట్ వేశాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది ఆ పిల్లకు పెద్దది. నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్ల జారిపోతుంది. చిన్న సైజు లేదంటే ఎక్కొద్దు.

నల్లమల లోయలో ఉన్న శివుడి క్షేత్రం సలేశ్వరం గురించి చాలామంది అడుగుతారు. చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే అడవిలోకి అనుమతిస్తారు. ఎండ నడినెత్తిన, లోయలోకి రాళ్ల మీద నడక, ఇరుకు దారిలో ఎదురెదురుగా వేల మంది. పన్నెండేళ్లు నిండని పిల్లలతో వెళ్లే చోటు కాదు.