యువాన్‌మింగ్‌యువాన్, సమ్మర్ ప్యాలెస్ టూర్: గైడ్ మంచిదే, కథే సగం చెప్పింది

నేనూ మా బావమరిదీ బీజింగ్‌లో మూడు రోజులు ఉన్నాం. గ్రేట్ వాల్, ఫర్బిడెన్ సిటీ అయ్యాక మూడో రోజుకి యువాన్‌మింగ్‌యువాన్, సమ్మర్ ప్యాలెస్ కలిపి ఇంగ్లీషు గైడ్‌తో టూర్ బుక్ చేశాం. కంపెనీ పేరు రాయను. ఐదుకి మూడున్నర ఇస్తాను, అందులో మూడు ఆ గైడ్ అమ్మాయికే.

ముందు యువాన్‌మింగ్‌యువాన్. చైనా చివరి రాజవంశమైన చింగ్ చక్రవర్తులు ఏడాదిలో ఎక్కువ కాలం ఉన్నది ఫర్బిడెన్ సిటీలో కాదట, ఇక్కడేనట. ఇప్పుడు వెళ్తే పెద్ద పార్కు, తామర చెరువులు, ఫొటోల్లో కనిపించే ఆ విరిగిన రాతి స్తంభాలు చివర్లో ఓ మూలకి ఉంటాయి. ఎండలో అంత దూరం నడవలేకపోతే బ్యాటరీ బండి ఎక్కండి. స్తంభాలు చూడగానే మావాడు "ఇదేంటి బావా, చర్చిలా ఉంది" అన్నాడు. నిజమే, 18వ శతాబ్దంలో చియాన్‌లుంగ్ చక్రవర్తి సరదాపడి కాస్టిగ్లియోనె అనే ఇటలీ క్రైస్తవ మిషనరీ చేత గీయించి కట్టించుకున్న ఐరోపా మేడలవి. మొత్తం తోటలో అవి చాలా చిన్న భాగం. మిగతా చైనా భవనాలు దాదాపు అన్నీ చెక్కవి, 1860 అక్టోబరులో, రెండో నల్లమందు యుద్ధంలో, బ్రిటిష్ సైన్యం నిప్పు పెట్టినప్పుడు చాలావరకు బూడిదైపోయాయి. ఐరోపావాళ్ళు తగలబెట్టిన చోట చూడ్డానికి మిగిలింది ఐరోపా రాళ్ళే అన్నమాట. ఈ మాట గైడ్ చాలా బాగా చెప్పింది.

ఆ మేడల దగ్గర గడియారంలా పనిచేసిన ఫౌంటెన్‌కి ఉన్న 12 జంతువుల కంచు తలల సంగతి కూడా బాగా చెప్పింది. ఒక్కో తల రెండేసి గంటలు నీళ్ళు చిమ్మేదట, మధ్యాహ్నం పన్నెండుకి అన్నీ ఒకేసారి. తర్వాత అవి తోట దాటిపోయాయి. వాటిలో గుర్రం తల 2020లో తిరిగొచ్చింది, తోటలోని గుడిలో పెట్టారు. అదీ చూపించండని మీరే అడగండి, లేకపోతే దాటేస్తారు.

నిప్పు పెట్టమన్నది లార్డ్ ఎల్గిన్. చర్చలకి వెళ్ళినవాళ్ళని చైనావాళ్ళు పట్టి కట్టేస్తే సగం మంది దాకా చచ్చిపోయారని ఆ కోపం, అందులో మన సిక్కు సవార్లు కూడా ఉన్నారు. ఈయనే 1862లో మనకి వైస్రాయ్‌గా వచ్చాడు, మరుసటేడాది ధర్మశాలలో పోయాడు. దోచిన సామాన్లలో ఒక బుల్లి కుక్క కూడా ఉంది, తీసుకెళ్ళి విక్టోరియా రాణికి ఇచ్చారు. దానికి పెట్టిన పేరు లూటీ. అవును, మన లూటీయే. గైడ్‌కి ఆ పేరు తెలుసు కానీ మాట ఎక్కడిదో తెలీదు, నేను చెప్తే నోట్ చేసుకుంది.

తర్వాత ఆవిడ 1841లో, మొదటి నల్లమందు యుద్ధంలో, కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) దగ్గర సాన్‌యువాన్‌లీ పల్లెవాళ్ళు బ్రిటిష్ దళాన్ని చుట్టుముట్టిన కథ ఎత్తుకుంది. వానకి తుపాకులు తడిసి పేలలేదట. అక్కడ చిక్కుపడింది మద్రాసు సైన్యం 37వ పటాలంలోని సిపాయిలమ్మా, ఆ సైన్యంలో మా తెలుగువాళ్ళు చాలామంది ఉండేవారు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. అసలు ఆ గొడవంతా మొదలైన నల్లమందు కూడా మన పాట్నా, మాళవాల నుంచే కదా వెళ్ళింది, నాక్కూడా అదోలా అనిపించింది.

ఇక నా కంప్లయింట్. మూడు గంటలు చెప్పిన కథలో తాయిపింగ్ తిరుగుబాటు ఒక్క ముక్క లేదు! సర్కారు కొలువు పరీక్షలు మళ్ళీ మళ్ళీ తప్పి, తాను ఏసుక్రీస్తు తమ్ముణ్ణని నమ్మిన హుంగ్ షియుచువాన్ 1853లో నాన్‌జింగ్‌ని రాజధాని చేసుకుని పదకొండేళ్ళు ఏలాడు, ఆ యుద్ధంలో కోట్లమంది పోయారు, దాన్ని అణచడానికి రాష్ట్రాల్లో సొంత సైన్యాలు పెట్టుకోనిచ్చాక కేంద్రం చేతిలో పట్టు మళ్ళీ పూర్తిగా రాలేదు. ఇంకో విచిత్రం, 1860 ఆగస్టులో బ్రిటిష్, ఫ్రెంచి సైనికులు షాంఘైలో చక్రవర్తి మీద తిరగబడ్డ తాయిపింగ్‌ల మీద కాల్పులు జరిపారు, అక్టోబరుకల్లా ఇక్కడ బ్రిటిష్‌వాళ్ళు ఆ చక్రవర్తి తోటనే కాల్చారు. ఇది వదిలేస్తే ఎలా? తియనాన్మెన్ చౌరస్తాలో స్తూపం మీద ఆ తిరుగుబాటుకి శిల్పం కూడా ఉంది, మొదటి రోజే చూశాం. అడిగితే "అది ఈ టూర్‌లో లేదు సార్" అని నవ్వేసింది.

మధ్యాహ్నం సమ్మర్ ప్యాలెస్, మెట్రో నాలుగో లైనులో రెండు స్టేషన్లే. బొమ్మలేసిన పొడవాటి వరండా బాగుంటుంది, జనం మాత్రం సంతలా ఉంటారు. చూడాల్సింది పాలరాతి పడవ. అడుగు రాయే కానీ పైన మేడంతా చెక్క, పాలరాయిలా రంగేశారు. స్టీమర్‌లా పక్కన చక్రాలు కూడా పెట్టారు, కదిలేది మాత్రం కాదు. దీన్ని 1893లో, అప్పట్లో పెత్తనమంతా చేసిన రాజమాత త్సీషీ మళ్ళీ కట్టించింది, ఈ ప్యాలెస్ మరమ్మతుకి నౌకాదళం సొమ్ము వాడేశారు. ఆవిడ షష్టిపూర్తి 1894లో, అదే ఏడు జపాన్‌తో యుద్ధమొచ్చింది, మరుసటేడుకల్లా నౌకాదళం పోయింది, తైవాన్ పోయింది, పైన 20 కోట్ల తులాల వెండి జరిమానా. (వాళ్ళ తులం మన తులానికి మూడు రెట్లకి పైనే.) ఇక్కడ గైడ్ ఏమీ దాచలేదు, త్సీషీని బాగా తిట్టింది.

ఈ రెండూ చూసేవాళ్ళు ఇదే వరసలో చూడండి. వెజ్ వాళ్ళు తిండి కట్టుకెళ్ళండి, మాకు దొరికింది ఉడికించిన మొక్కజొన్న పొత్తే.

ఒక పాయింటున్నర ఎందుకు తగ్గించానంటే, అర పాయింటు తాయిపింగ్‌కి. ఒక పాయింటు మాత్రం చివర్లో చెప్పాపెట్టకుండా టీ కొట్టుకి తీసుకెళ్ళి తలుపేసి ముప్పావుగంట కూర్చోబెట్టినందుకు. బుకింగ్‌లో ఈ ముక్కే లేదు. మావాడు మొహమాటపడి రెండు డబ్బాలు కొన్నాడు, ఇంటికొచ్చి నెలైనా ఇంకా మూత తీయలేదు.