ఒకటి, రెండు తరగతులకు వారపు ప్రణాళిక: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఒకటి, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకొని చెప్పే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిగా, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పునాది నుంచి నేర్పే తొలిమెట్టు కార్యక్రమం తెలంగాణలో మొదలైన 2022 ఆగస్టు నుంచి నేను వారపు ప్రణాళికతోనే బోధిస్తున్నాను. కొత్తగా చేరిన తోటి ఉపాధ్యాయులు ఇది నిజంగా పనికొస్తుందా అని అడుగుతుంటారు కాబట్టి, మా గదిలో ఇది ఎలా నడుస్తుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ పద్ధతికి ప్రాణం పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి వినే శనివారం. ఐదు రోజులూ ఎన్ని కృత్యాలు చేయించినా, శనివారం బయటపడిన లోటును సోమవారం పూడ్చకపోతే పిల్లలకు దక్కేది చాలా తక్కువ.

ముందు లక్ష్యాల సంగతి. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని 2021 జూలై 5న కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం, ఒకటో తరగతి ముగిసేసరికి పిల్లలు నాలుగైదు సరళ పదాలున్న చిన్న వాక్యాలు చదవాలి, 99 వరకు సంఖ్యలు రావాలి. రెండో తరగతి ముగిసేసరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 999 వరకు సంఖ్యలు చదివి రాయాలి. తెలుగు విషయంలో ఈ పదాల లెక్క కొంత కఠినమైనదనే నేను అనుకుంటాను. ‘ఆడుకుంటున్నారు’ అన్నది లెక్కకు ఒక్క పదమే అయినా, గుణింతాలూ ఒత్తులూ కూడబలుక్కునే ఏడేళ్ల బిడ్డకు అది చిన్న వాక్యమంత పని. అందుకే గడియారం చూస్తూ చదివించడాన్ని నేను రెండో తరగతి చివరి నెలలకే పరిమితం చేశాను.

మా వారం సోమవారం ఒక పెద్ద బొమ్మతో మొదలవుతుంది. సంత బొమ్మో, వరి నాట్ల బొమ్మో గోడకు తగిలించి, పిల్లలు దాని గురించి తమ మాటల్లో చెప్పినదంతా నల్లబల్ల మీద రాస్తాను. ఈ గంటను పాఠానికి ముందు జరిగే కాలక్షేపంగా చూసేవారున్నారు గాని, వారం మొత్తంలో అత్యంత విలువైన గంట ఇదేనని నా నమ్మకం. మా బడికి తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. నేరుగా పుస్తకం తెరిస్తే తల దించుకొని కూర్చునే ఆ పిల్లలే, బొమ్మలో మేకల బేరాన్ని చూడగానే తమ భాషలో కొంత, తెలుగులో కొంత చెప్పడం మొదలుపెడతారు. వాళ్లు చెప్పిన మాట నల్లబల్ల మీదికి ఎక్కిందంటే, మర్నాడు దాన్ని చదవడానికి వాళ్లే ముందుకొస్తారు.

మంగళ, బుధవారాల్లో ఆ మాటల నుంచే అక్షరాలకు, గుణింతాలకు వెళ్తాం. ‘అ’ నుంచి వరసగా వల్లె వేయించడం నేను మానలేదు, ఎందుకంటే ఆ వరస తర్వాత నిఘంటువు చూడటానికి పనికొస్తుంది. కానీ చదవడం వచ్చేది మాత్రం పదంలో అక్షరాన్ని గుర్తుపట్టడం వల్లనే. పిల్లలు ఎక్కువగా తడబడేది గుడి, గుడి దీర్ఘం దగ్గర. ఒక పాప ‘పిట్ట’ను చక్కగా చదివి, ‘పీట’ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ‘పిట’ అనేది. నేల మీద సుద్దతో పెద్దగా ‘పి’ రాసి దాని మీద చింతగింజలు పేర్పించాను, తర్వాత గుడిని దీర్ఘం చేయడానికి ఇంకో నాలుగు గింజలు తనచేతే పెట్టించాను. అవి పెట్టేంతసేపూ ‘పీ’ అని సాగదీస్తూ పలికింది. ఆ వారాంతానికి ‘పీట’, ‘గీత’, ‘నీరు’ మూడూ తడబడకుండా చదివింది.

గణితంలో చీపురు పుల్లలను మించిన ఉపకరణం నాకు ఇంతవరకు దొరకలేదు. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు, అలాంటి పది కట్టలు కలిపి వంద కట్ట. రెండో తరగతిలో ‘నూట ఐదు’ రాయమంటే చాలామంది 1005 అని రాస్తారు, విన్న వంద మొత్తం రాసి పక్కన ఐదు చేరుస్తారు కాబట్టి. నేల మీద మూడు గడులు గీసి, వందల గడిలో పెద్ద కట్ట ఒకటి, ఒకట్ల గడిలో ఐదు విడి పుల్లలు పెట్టించి, ప్రతి గడి కిందా ఒక్క అంకెనే రాయాలంటే, ఖాళీగా ఉన్న పదుల గడి దగ్గర పిల్లలే ఆగి ఆలోచిస్తారు. అక్కడ సున్నా ఎందుకు రాయాలో ఆ తర్వాత వేరే చెప్పనక్కర్లేదు. పూసల చట్రం కూడా మంచిదే గాని, పుల్లలను కట్టినప్పుడు, విప్పినప్పుడు పదికి ఒకటికి ఉన్న సంబంధం చేతికి తెలుస్తుంది.

గురువారం చదువు మూల, శుక్రవారం ఇంగ్లిష్ గేయాలు, బడి ఆవరణలో ఆకులు, గింజలు ఏరి వేరు చేసే పని. ఇవి బాగానే నడుస్తాయి.

శనివారం ఒక్కొక్కరే పలక తీసుకొని నా దగ్గరికి వస్తారు, మిగిలినవారు బొమ్మలు వేసుకుంటారు. మార్కులు వేయను. ఎవరు ఏ గుణింతం దగ్గర ఆగారో, ఏ కూడికలో స్థానం మారిందో మాత్రం రాసుకుంటాను. ఆ కాగితం చూసే సోమవారం మధ్యాహ్నం జట్లు కడతాను. ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. ఇద్దరు ముగ్గురు పిల్లలను సరిగ్గా వినేసరికి మిగిలినవారిలో అల్లరి మొదలవుతుంది. రికార్డుల్లో గడులన్నీ నింపాలని తొందరపడితే వినడం పోయి రాయడమే మిగులుతుంది. నేను ఒక శనివారం ఒకటో తరగతిని, మరో శనివారం రెండో తరగతిని నింపాదిగా వింటాను, రెండూ ఒకే పూటలో ముగించాలని చూడను.

పత్తి తీసే రోజుల్లో హాజరు పడిపోతుంది, దసరా సెలవుల తర్వాత గుణింతాలు సగం మరిచిపోయి వస్తారు. ప్రణాళికలో అటువంటి వారాలకు చోటుండదు కాబట్టి, సెలవుల తర్వాతి వారాన్ని పూర్తిగా పునశ్చరణకే వదిలేయమని నా సలహా. సామగ్రి విషయానికొస్తే, పట్నంలో ఒక దుకాణంలో కొన్న అక్షర కార్డులు వానాకాలం దాటేసరికే పొరలుగా విడిపోయాయి. పెళ్లి శుభలేఖల అట్టల వెనుక స్కెచ్ పెన్నుతో రాసుకున్నవి మాత్రం ఇప్పటికీ వాడుతున్నాం.

ఇద్దరు ఉపాధ్యాయులున్న బడికి ఈ పద్ధతిని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. డిప్యుటేషన్ మీద కొంతకాలం ఐదు తరగతులనూ ఒక్కదాన్నే చూసిన బడిలో మాత్రం ఇది పూర్తిగా సాగలేదు. అక్కడ తెలుగు ఒక్కటే వారపు ప్రణాళికతో చెప్పి, గణితానికి నాలుగు, ఐదు తరగతుల పిల్లలను చిన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టి పుల్లల కట్టలు కట్టించాను. అలాంటి బడుల్లో పనిచేసేవారు కూడా సోమవారం బొమ్మను, శనివారం వినడాన్ని వదులుకోవద్దు, మిగతాది వీలును బట్టి తగ్గించుకోవచ్చు.