పండక్కి ఓడి, తర్వాత మనసు గెలిచిన నాలుగు సినిమాలు: కాణుం పొంగల్ నాడు ఇంట్లో ఏది మేలు?

చెన్నైలో తెలుగిళ్ల సంక్రాంతి నాలుగు రోజులు. ఇక్కడి లెక్కలో భోగి, పొంగల్, మాట్టు పొంగల్, కాణుం పొంగల్. మన లెక్కలో భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. ఆఖరి రోజు ఊరంతా మెరీనా వైపే నడుస్తుంది, కామరాజర్ సాలై మీద బండి ముందుకు పోదు. ఇంట్లో అందరూ కలిసి ఒక సినిమా చూడాలంటే అదే రోజు. పండగ సీజన్లో విడుదలై దెబ్బతిని, తర్వాత అభిమానుల్ని సంపాదించుకున్న నాలుగు సినిమాల్ని ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాం: అన్బే శివం, ఆయిరత్తిల్ ఒరువన్, ఖలేజా, 1 నేనొక్కడినే.

పండగ సినిమా ఎందుకు తొందరగా పడిపోతుందో ముందు తెలియాలి. ఒకే వారంలో రెండు మూడు పెద్ద సినిమాలు థియేటర్లు పంచుకుంటాయి. మొదటి ఆటకే డివైడ్ టాక్ వస్తే జనం పక్క హాలుకి వెళ్లిపోతారు. కోలుకోవడానికి రెండో వారం మిగలదు. పైగా తాత నుంచి మనవడి దాకా ఒకే వరసలో కూర్చుంటారు. తికమక కథ, బరువైన ముగింపు, మూడు గంటల నిడివి అక్కడ పనికిరావు. ఇంట్లో వీటిలో ఏదీ పెద్ద అడ్డు కాదు. అమెరికాలో 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' సంగతీ అంతే. 1946 డిసెంబరులో వచ్చి పెట్టుబడి రాబట్టలేకపోయింది. 1974లో కాపీరైట్ రెన్యువల్ జరగకపోవడంతో టీవీ స్టేషన్లు ప్రతి క్రిస్మస్‌కీ వేయడం మొదలుపెట్టాయి, అదే దాన్ని పండగ సినిమా చేసింది. మన నాలుగింటికీ ఆ మేలు చాలావరకు టీవీ చానళ్లే చేశాయి.

కుటుంబమంతా కూర్చుని చూడాలంటే మా ఓటు అన్బే శివానికే. 2003 పొంగల్ బరిలో దానికి ఎదురు విక్రమ్ 'ధూల్', విజయ్ 'వసీగరా'. ఈ రెండోది మన 'నువ్వు నాకు నచ్చావ్' రీమేక్, పండగ జనానికి కావలసిన సరుకంతా అందులో ఉంది. సుందర్ సి. దర్శకుడనగానే నవ్వుల సినిమా అనుకుని వెళ్లినవాళ్లకి కనిపించింది ముఖం నిండా మచ్చలతో, సోడాబుడ్డి కళ్లద్దాలతో, కుంటుతూ నడిచే కమల్ హాసన్. భువనేశ్వర్‌లో వానకి విమానాలు రద్దయి, ఒక యూనియన్ మనిషీ ఒక యాడ్ ఫిల్మ్ దర్శకుడూ కలిసి చెన్నై చేరడమే కథ. మాధవన్ పాత్ర తొలి గంటంతా విసుగు పుట్టిస్తుంది. అది లోపం కాదు, కావాలని చేసిందే. ఆ విసుగు లేకపోతే రక్తదానం తర్వాత వచ్చే ఆంబులెన్స్ సన్నివేశం అంత గట్టిగా తగలదు. అందుకే మధ్యలోంచి పెట్టుకోకండి.

ఏ భాషలో చూడాలి? కోయంబేడు మార్కెట్లో బేరం ఆడగలిగినంత తమిళం వస్తే తమిళంలోనే చూడండి, మాటలన్నీ వాడుక భాషే. మాధవన్ పాత్ర పేరు అన్బరసు, అందులో 'అన్బు' అంటే ప్రేమ. ఆ మాటను కత్తిరించి 'ఎ. అరస్' అని చెప్పుకునే కుర్రాడి కథకి 'అన్బే శివం' అని పేరు పెట్టడంలోని అందం తమిళంలోనే తెలుస్తుంది. తమిళం బొత్తిగా రాని పెద్దవాళ్లుంటే 'సత్యమే శివం' పేరుతో తెలుగు డబ్బింగ్ ఉంది.

ఖలేజా తెలుగు బాగా వచ్చిన ఇంటికి. 2010 అక్టోబరు 7న దసరా సీజన్లో వచ్చింది. వారం ముందే 'రోబో', వారం తర్వాత 'బృందావనం', ఊపిరాడలేదు. తనని దేవుడంటున్న ఊరి మధ్య వెటకారాలాడే టాక్సీ డ్రైవర్‌ని చూసి నవ్వాలో దండం పెట్టాలో అప్పటి జనానికి అర్థం కాలేదు. ఇప్పుడు ఆ వెటకారమే దాని బలం. 2025 మే 30న మళ్లీ థియేటర్లకి వచ్చింది కూడా. ఒక్కటే ఇబ్బంది: త్రివిక్రమ్ మాటలు వేగంగా పోతాయి. చెన్నై బళ్లలో చదువుతూ తెలుగు ఇంట్లోనే విన్న పిల్లలకి సగం జోకులు అందవు.

అలాంటి పిల్లలకి 1 నేనొక్కడినే నయం. సుకుమార్ అందులో కథని మాటల్లో కన్నా బొమ్మలో ఎక్కువ చెబుతాడు, రత్నవేలు కెమెరా దానికి తోడు. 2014 జనవరి 10న వచ్చినప్పుడు దాదాపు 2 గంటల 50 నిమిషాలు ఉండేది. టాక్ తేడాగా రావడంతో సుమారు 20 నిమిషాలు తీసేశారు, అయినా ఇక్కడ నిలబడలేదు. హీరో కొడుతున్న మనిషి నిజంగా ఉన్నాడా, ఊహా అన్నదే కథకి ఇరుసు. ఐదు నిమిషాలు ఫోన్ చూసుకుంటే దారం తెగుతుంది. భోజనాలు అయ్యాకే మొదలుపెట్టండి. ప్లే నొక్కే ముందు నిడివి చూసుకోండి, దొరికితే పొడవు కాపీయే మేలు.

ఆయిరత్తిల్ ఒరువన్ నాలుగింటిలోకీ సాహసం ఉన్న సినిమా. పగలు మాత్రం వద్దు. 2010 పొంగల్‌కి వచ్చింది. ఎదురుగా ధనుష్ 'కుట్టి', అంటే సుకుమార్ 'ఆర్య'కి తమిళ రీమేక్. సెల్వరాఘవన్ తీసింది మూడు గంటల సినిమా, దానికి పెద్దలకు మాత్రమే అనే 'ఎ' సర్టిఫికెట్. మొదటి సగం నిధి వేటలా పరుగెడుతుంది. రెండో సగంలో చోళుల లోకంలోకి దిగగానే హాల్లో సగంమంది జారిపోయారు. పాత తమిళం రావడమూ దానికి ఒక కారణం. చెన్నై తమిళం ఎంత బాగా వచ్చినా అక్కడ చెవులు పనిచేయవు, సబ్‌టైటిల్స్ తప్పనిసరి. లేదంటే తెలుగు 'యుగానికి ఒక్కడు' పెట్టుకోండి, కానీ చోళ రాజుగా వేసిన పార్తిబన్ గొంతు పోతుంది. చివర్లో ఆడవాళ్ల మీద జరిగే హింస పిల్లలు చూడదగ్గది కాదు. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి లైట్లన్నీ తీసేసి పెట్టండి. గుహల చీకటి సన్నివేశాలు ట్యూబ్‌లైట్ కింద కనబడవు.