రోయింగ్ మెషీన్ సీటుకి జెల్ కవర్ కొంటున్నారా? ముందు దాని అడుగు చూడండి

రోయింగ్ మెషీన్ (పడవ తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగే వ్యాయామ యంత్రం, సీటు కడ్డీ మీద ముందుకీ వెనక్కీ జారుతుంది) సీటు గట్టిగా ఉందని, పైన తొడిగే జెల్ కవర్ కోసం వెతుకుతున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది ఒకసారి చదవండి. నేను కొన్నాను, రెండు వారాలు వాడాను. మూడో వారంలో దాని స్ట్రాప్ సీటు కింద రోలర్‌లో ఇరుక్కుని నన్ను కింద పడేసినంత పని చేసింది.

నా బాధ మీలో చాలామందికి తెలిసిందే. మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది. పదిహేను దాటాక పిరుదుల కింద సరిగ్గా రెండు చోట్ల నొప్పి. ఇరవై దాటితే ఎడమ కాలు తిమ్మిరెక్కేది. దిగి నిలబడితే ఆ పాదం నాది కాదేమో అనిపించేది. సీటు రాయిలా ఉంది కాబట్టి పైన మెత్తగా ఏదైనా వేస్తే సరిపోతుంది అనుకున్నాను. మనం అలాగే అనుకుంటామని అమ్మేవాళ్లకి బాగా తెలుసు.

పేజీలో 'అన్ని మెషీన్లకూ సరిపోతుంది' అని పెద్ద అక్షరాల్లో ఉంది. సీట్లు ఒక్కో కంపెనీవి ఒక్కో ఆకారంలో ఉంటాయి. అన్నిటికీ పట్టేలా కుట్టింది దేనికీ కుదురుగా పట్టదు. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు. పది ఫొటోలు పెట్టారు, పదీ పైభాగానివే. అడుగు ఎలా ఉందో ఒక్కటీ లేదు. నేనూ అడగలేదు, అది నా తప్పు.

వచ్చాక చూస్తే అడుగున రెండు ఎలాస్టిక్ స్ట్రాపులు, ఒక ప్లాస్టిక్ బకిల్. అవి సీటు కింద నుంచి తిప్పి బిగించాలి. కానీ సీటుకీ, అది జారే కడ్డీకీ మధ్య నా మెషీన్‌లో వేలు పట్టేంత సందు కూడా లేదు. సైకిల్ సీటు కవర్‌కి ఇది సమస్య కాదు, ఆ సీటు కదలదు కదా. ఇక్కడ సీటే పరుగెడుతుంది. నిమిషానికి 22 స్ట్రోకులు (ఒకసారి లాగి మళ్లీ ముందుకి రావడం ఒక స్ట్రోకు) వేస్తే అరగంటలో 660. ముందుకీ వెనక్కీ కలిపి సీటు 1,320 సార్లు జారుతుంది. అన్నిసార్లూ ఒంటికీ సీటుకీ మధ్య నలిగేది ఆ కవరే. రోజూ కొంచెం పక్కకి జరిగేది, రోజూ లాగి సర్దేవాణ్ణి, స్ట్రాప్ ఇంకో పిసరు వదులయ్యేది.

ఆ రోజు పద్దెనిమిదో నిమిషం. హ్యాండిల్ వదులుతూ ముందుకి జారుతున్నాను. కింద 'టక్' మని చప్పుడైంది, సీటు ఆగిపోయింది, నేను ఆగలేదు. పాదాలు పట్టీల్లో బిగించి ఉన్నాయి, నడుము కింది భాగం సీటు అంచు దాటి కడ్డీ మీద పడింది. మణికట్టు మోకాలికి కొట్టుకుంది. పెద్ద దెబ్బేం కాదు గానీ గుండె దడ తగ్గడానికి కాసేపు పట్టింది. సీటు తిప్పి చూస్తే రోలర్ ఇరుసు చుట్టూ నల్ల ఎలాస్టిక్ దారాలు జుట్టు చుట్టుకున్నట్టు చుట్టుకుని ఉన్నాయి. చిన్న పటకారుతో ఒక్కో పోగూ లాగడానికి అరగంట పైనే పట్టింది. కడ్డీ మీద బూడిదరంగు గీత ఒకటి పడింది, తుడిచినా పూర్తిగా పోలేదు.

పోనీ అంతవరకూ సుఖంగా ఉందా అంటే అదీ లేదు. కొత్తలో మెత్తగానే ఉంది. కూర్చునే ఎముకలు (పిరుదుల కింద సీటుకి ఆనే రెండు ఎముకలు) దిగేచోట జెల్ పక్కలకి తప్పుకుంటుంది, ఎముక మళ్లీ గట్టి పలక మీదకే వస్తుంది. పక్కలకి పోయిన జెల్ తొడల వెనక గట్టులా లేచి అక్కడ నొక్కుతుంది. నా తిమ్మిరి ఇరవై నిమిషాల నుంచి పన్నెండుకి వచ్చింది! పైగా వెన్ను చివరి ఎముకకి ఒత్తిడి తగలకుండా సీటులో ఇచ్చిన పల్లాన్ని ఈ కవర్ శుభ్రంగా కప్పేసింది.

రిటర్న్ అడిగితే 'ఒంటికి తగిలే వస్తువు, వాడాక తీసుకోం' అన్నారు. తెగిన స్ట్రాప్ ఫొటోలు పంపితే తప్పు మీ మెషీన్‌ది అన్నారు. చివరికి నా రివ్యూ తీసేస్తే ఇంకో కవర్ ఉచితంగా పంపుతామన్నారు. ఇంకో కవర్ నాకెందుకండీ?

అసలు సంగతి తర్వాత తెలిసింది, కాస్త సిగ్గుగానే చెబుతున్నాను. మెషీన్ నేనే బిగించుకున్నాను, సీటు ముందువైపు వెనక్కి వచ్చేలా పెట్టాను. పల్లం ఉన్న వైపు వెన్ను వైపుకి రావాలి, నాది పాదాల వైపు ఉంది. నాలుగు బోల్టులు విప్పి తిప్పి బిగిస్తే సగం నొప్పి ఆ రోజే తగ్గింది. మీ సీటుకి అలాంటి పల్లం ఉంటే మాన్యువల్ తీసి ఒక్కసారి సరిచూసుకోండి, పైసా ఖర్చు లేదు.

మిగతా సగం నా కూర్చునే తీరుది. లాగడం పూర్తయ్యేసరికి నడుము కూలబడి బరువంతా వెన్ను చివరకి పోయేది. తుంటి దగ్గర వంగి, వెనక్కి కొంచెమే వాలితే బరువు ఆ రెండు కూర్చునే ఎముకల మీదే నిలుస్తుంది. కింద మందమైన కుట్టు ఉన్న షార్ట్స్ మానేశాను. పది నిమిషాలకోసారి దిగి ఒక నిమిషం నిలబడతాను. ఇంత చేసినా దిగాక తిమ్మిరి పోకుండా ఉంటే అది సీటు విషయం కాకపోవచ్చు, డాక్టర్‌కి చూపించుకోండి.

మెత్తదనం కావాలనుకుంటే పాత యోగా మ్యాట్ ముక్కని సీటు ఆకారంలో, అంచుకన్నా కొంచెం లోపలికే, పల్లం దగ్గర ఖాళీ వదిలి కత్తిరించండి. దాని కింద అలమరాల్లో పరిచే జారని షీటు వేయండి. స్ట్రాప్ లేదు, వేలాడేది ఏదీ లేదు. చూడ్డానికి అందంగా ఉండదు, నేను మాత్రం దాని మీదే నెల రోజులుగా నడిపిస్తున్నాను.

అయినా కవరే కొనాలంటే అడుగు ఫొటో పంపమని అమ్మేవాళ్లని అడగండి. పంపకపోతే వదిలేయండి. బకిల్ గానీ వేలాడే తాడు గానీ కనిపిస్తే అసలు వద్దు. వాడిన తర్వాత వెనక్కి తీసుకుంటారో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

నా కవర్ ఇప్పుడు కంప్యూటర్ కుర్చీ మీద ఉంది. కదలని కుర్చీకి బాగానే ఉంది. స్ట్రాపులు మాత్రం కత్తిరించేశాను.